ఎడమచేతి వాటం

చర్చి వీధి అంగట్లో మూడు లైట్లు తెచ్చినా,
మూడూ మూడు రకాల తెలుపు.
తెలుపులో కూడా రకాలుంటాయా అన్నా, అని
మొగిలిగాడు నవ్వినాడు.
వాడు పనిలో చేరి పద్దెనిమిది రోజులు.
పాలకీ సున్నానికీ తేడా తెలీదంట్రా నీకు అన్నా.

గ్రీమ్స్‌పేటలో మేడ మీద కొత్త గది.
జిప్సం సీలింగు ఇంకా పచ్చి వాసన కొడతా ఉంది.
ఇంజనీరు గీసిచ్చిన కాగితంలో
ఆరు సున్నాలు, రెండు వరసలు,
గోడ నుంచి సరిగ్గా రెండేసి అడుగులు.
చూడ్డానికి ముగ్గు చుక్కల మాదిరే ఉంది.
ఆ చుక్కల కింద ఎవురు కూచుంటారో
కాగితంలో లేదు.

కూచునేది దేశమ్మక్క.
ముప్పై ఏళ్లు వరండాలో మిషన్ తొక్కింది,
వీధి ఎంత వెలుతురిస్తే అంత కుట్టింది.
"ఏది కావాలక్కా? పసుపుదా, తెల్లదా, నడిమిదా?"
ఆమె పలకలేదు.
బిస్కెట్ల డబ్బాలోంచి రెండు దారం ఉండలు తీసింది.
ఒకటి నలుపంట, ఒకటి నేవీ బ్లూ అంట.
నాకైతే రెండూ కాకి రెక్కలే.

ఒకే వైరుకి మూడు లైట్లూ మార్చి మార్చి తగిలించినా.
మొదటిది పసుపు, అన్నం తినబుద్ధయ్యే వెలుతురు.
దాని కింద దారాలు రెండూ కవలపిల్లలైపోయినాయి.
"వద్దు నాయనా. దీని కింద కుడితే
నిక్కరు నీలం, కుట్టు నలుపు.
పొద్దున్నే వాళ్లమ్మొచ్చి నా మొకాన కొడతాది."
రెండోది ఆస్పత్రి తెలుపు. కండ్లు చికిలించి
చెయ్యి అడ్డం పెట్టుకునింది.
నడిమిది వేసినాక
రెండు ఉండలూ మెల్లగా విడిపోయినాయి,
నాకు కూడా.
ఇరవై రెండేళ్లుగా డబ్బా మీద నంబరు చూసి
లైట్లు బిగించినోణ్ణి.
దారం పట్టుకుని చూసింది ఆ పొద్దే.

వేలితో సీలింగు కొట్టి ఇంటే
డొల్లగా పలికిన చోట ఖాళీ,
బిగువుగా పలికితే లోపల ఇనప చానలు.
డొల్ల చూసుకుని రంపం తిప్పినా.
మొగిలిగాడు గొడుగు తిరగేసి పట్టినాడు.
గొడుగు నిండా పిండి,
మిగిలింది నా రెప్పల మీద.

నిచ్చెన దిగేలోపల
దేశమ్మక్క మిషన్ ముందర కూచునింది.
ఎడమ చేత్తో కత్తెర పట్టింది,
ఎడమ చేత్తో దారం అందుకునింది.
చేతిలో లైటు తూటు కాడ ఎత్తి పట్టి చూసినా.
ఆమె చెయ్యి నీడ సరిగ్గా సూది మీద పడింది.

ఎడమచేతి వాటమని చెప్పలేదేందక్కా?
"నువ్వు అడగలేదు కదబ్బా."

గోడకైతే పుట్టీ పెడతాం, సీలింగులో
మూడంగుళాల తప్పు ఆకాశంలో ఉన్నట్టే,
తలెత్తినోళ్లందరికీ కనపడతాది.
కుడి పక్క, ఫ్యాను రెక్క నీడ కొట్టుకోని చోట చూసి
ఇంకోటి కోసినా.
పాతదాన్ని పూడుస్తానక్కా అంటే
తలెత్తి రొంతసేపు చూసింది.
"పూడ్చొద్దులే. దాంట్లోనూ ఒకటి పెట్టు.
అద్దం దాని కిందికి జరుపుకుంటా,
జాకెట్లు తొడిగి చూసుకునేటోళ్లకి.
లైటు డబ్బులు నావి,
తూటు డబ్బులు నీవి."

డ్రైవర్లు ముందు లోపలికి తోసి,
రెండు స్ప్రింగులూ వేళ్లతో మడిచి పట్టుకుని వదిలితే
టక్, టక్.
ఒక స్ప్రింగు నా బొటనవేలి గోరు అడిగింది, ఇచ్చినా.

మీట నొక్కినాక మేమిద్దరం పైకి చూసినాం.
దేశమ్మక్క చూడలేదు.
దారం కొస నాలిక మీద తడుపుకుని
సూదిలోకి ఎక్కించింది.
తొలిసారి తప్పింది. రెండోసారి దూరింది.

కింద మామిడికాయల లారీలు హారన్లు కొడతా ఉంటే
మొగిలిగాడు గొడుగులోంచి
కోసిన బిళ్లలు ఏరి నేల మీద పేర్చినాడు.
కాగితంలో ఆరు.
రెండుసార్లు లెక్కబెట్టి
ఏడోది జోబీలో వేసుకున్నాడు.