మస్తరు

మిల్లు మూసిన రోజున
నా బల్ల సొరుగులోంచి తెచ్చుకున్నది ఇదొక్కటే,
సగం రాసిన మస్తరు పుస్తకం.
ఎవరూ అడగలేదు. ఏం చేసుకుంటారు?

నెల్లిమర్లలో ఇరవయ్యారేళ్లు టైంకీపర్ని.
ఎవడు ఆరింటికొచ్చాడో, ఎవడు గోడ దూకాడో,
ఎవడి రొంటిన చుట్ట ఉందో, అన్నీ నాకు తెలుసు.
ఇప్పుడు పెరట్లో పీటేసుకుని
వచ్చిన పువ్వుకి వచ్చినట్టు టిక్కు పెడతాను.

"ఏటి రాత్తన్నావు, జీతాలిత్తావేటి?"
అంటుంది అసిరమ్మ, బిందె దించుతూ.
నీళ్లు పోసేది తను. సంతకం నాది.
మా మిల్లూ ఇలాగే నడిచింది.

ఏడాది పొడుగునా రంగు ఆగకూడదంటే
అందర్నీ ఒక్కసారే పన్లోకి పిలవకూడదు.
ఇది తోటమాలి చెప్పింది కాదు,
స్పిన్నింగు ఖాతా నేర్పింది.

రోహిణి ఎండకి మన్ను పగిలి
మే పువ్వు వస్తుంది ఎర్రటి బంతిలా, ఆకైనా తొడుక్కోకుండా.
పది రోజులు. మళ్లీ ఏడాదికి గానీ కనబడదు.
బదిలీ కూలీ. అయినా ఆ పది రోజులూ
వీధి వీధంతా మా గోడ మీంచే తొంగి చూస్తుంది.

తొలివాన పడ్డ మూడోనాడు వానలిల్లీలు,
పిలవకుండా, గుంపుగా, యూనియనోళ్లలా.

చంద్రకాంతది బీ షిఫ్టు.
రెండింటికి రావాలి,
నాలుగున్నరకి తీరుబడిగా విచ్చుకుంటుంది.
రోజూ లేటే. రాసుకుంటాను, ఏమీ అనను.

నేలసంపెంగది రాత్రి డ్యూటీ.
కరెంటు పోయినప్పుడే దాని పని తెలుస్తుంది.

సిరిమాను నాటికి బంతి.
ఆ మంగళవారం తెల్లారకుండానే
అసిరమ్మ సగం మొక్కలు దులిపి
అమ్మవారికి పట్టుకుపోతుంది. పండగ సెలవని రాస్తాను.
ఆ పైన మంచు. చేమంతులు. నూతి గట్టు వెంట
డిసెంబరాలు, తెల్లవి కొన్ని, ఊదావి ఎక్కువ.
మధ్యలో ఎక్కడ ఖాళీ వచ్చినా
మెట్టతామర మురుక్కాలవ పక్కన నిలబడి
అడక్కుండా ఓవర్‌టైం చేస్తుంది.

ఇంకొకటుంది,
ఆఖరి పేజీలో విడిగా:
ఐరిస్, నీలం.

ఓవర్సీరు బిశ్వాస్ బాబు ఇచ్చిన గడ్డ.
గేటుకి తాళం పడ్డ మర్నాడు
కలకత్తా బండెక్కే ముందు
కాయితంలో చుట్టిన అల్లంకొమ్ములాంటిది చేతిలో పెట్టి
"పూర్తిగా పాతొద్దు. వీపు ఎండకి కనబడాలి.
నీళ్లు నిలవనివ్వొద్దు" అన్నాడు
వచ్చీరాని తెలుగులో.
కొండల్లోంచి వాళ్లన్న పంపాడట.

చంపావతి ఇసక తెచ్చి ఎత్తుగా మడి కట్టాను.
వేసవిలో గోనెపట్టా నీడ.
మూడేళ్లకోసారి గడ్డలు విడదీసి మళ్లీ నాటడం.
ఆకులకేం, కత్తుల్లా లేచాయి, విసనకర్రలా పరుచుకున్నాయి.
పువ్వు మాత్రం...
మా చలి దానికి చలి కాదు.

"సంకుపువ్వు నీలం కాదేటి, మరిదెందుకు?"
అంటుంది అసిరమ్మ.
అంటూనే, అటెళ్లినప్పుడల్లా
దాని వీపు మీది మన్ను వేలితో తుడుస్తుంది.

తొమ్మిదేళ్లు. రోజూ గైరుహాజరు.

మిల్లు ఆఖరి నెలలో నా చేతే కొట్టించారు
నూట పద్నాలుగు పేర్లు,
స్కేలు పెట్టి, ఎర్రసిరాతో.
గీత వంకరపోకూడదన్నారు. పోలేదు.
కోరాడ సూరప్పడు అప్పుడు గేటు దగ్గరే ఉన్నాడు,
కేరేజీ పట్టుకుని,
లోపలికి రానా అన్నట్టు నాకేసి చూస్తూ.

దీని పేరు కొట్టను.
రేప్పొద్దున్న కూడా ఆరింటికి పిలుస్తాను, పేరు పెట్టే.
ఆకు ఊగితే ఊగుతుంది.

మల్లెలింకా రాలేదు.
కనకాంబరం వచ్చింది.
టిక్కు.