నాలుగో పాటలో వాన

పొగాకు కొట్టంలో రికార్డు చేశారట,
కెంటకీ కొండల్లో, మార్చి నెలలో.
బాంజో ఓర్విల్ స్టాంపర్‌ది.
పగలంతా లారీలకు బ్రేకులు బిగిస్తాడు,
గోళ్ళ కింద గ్రీజు తీగల మీదికీ వస్తుంది.

నాలుగో పాట పదకొండు నిమిషాలు.
ఏడో నిమిషంలో రేకుల మీద వాన.
ఆపుదామని ఎవరూ అనలేదు.
డెల్ఫా ఫిడేలు కాస్త తగ్గించి
చినుకులకు చోటిచ్చింది.
బేసు తడబడింది, ఎవరో నవ్వారు,
తడబడ్డ చోటు నుంచే
పాట ఇంకో దారి పట్టింది.

మూడు వందల ప్రతులు.
అట్ట మీద మేక డెల్ఫా కూతురు గీసింది,
దానికి ఐదు కాళ్ళు.
శనివారం సంతలో
తేనె సీసాల పక్కన పెట్టారు.

ఒక ముసలామె అట్ట తిప్పి చూసి అడిగింది:
"ఆ వాన
మా వంతెన కొట్టుకుపోయిన రాత్రిదేనా?"

ఓర్విల్ చిల్లర వెతుకుతున్నట్టు
తల వంచుకున్నాడు.