పదిహేడో నంబరు పళ్లెం

ఆదివారమని కణాలకు తెలీదు.
హబ్సిగూడలో దిగి, తాళం తీసి,
గులాబీ రంగు ద్రవం మార్చాలి, అంతే.

పోయిన ఉగాదికి ఇది
ఆటో ఖదీర్ భాయ్ మోచేతి మీది చర్మం,
పెసరబద్దంత.
నాలుగు జన్యువులు చెవిలో ఏం ఊదాయో
తానెవరో మరిచింది.
ఇవాళ కొట్టుకుంటోంది, గుండెలా.

బయట మెట్రో పోతే
సూక్ష్మదర్శినిలో బొమ్మ వణుకుతుంది.
ఆగి, మళ్లీ లెక్క.

మొన్న ఆయనే వచ్చి చూశాడు,
ఒక కన్ను మూసి, చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని,
చాలాసేపు.
"నాకంటే దీని మీటరే తేజ్ తిరుగుతున్నది గద మేడం"
అన్నాడు.

ఆయన తమ్ముడు ముప్పై నాలుగేళ్లకే
హ్యాండిల్ మీద ఒరిగిపోయాడు.
ఆ తప్పిన తాళం
ఏ అక్షరం దగ్గరో
నేనింకా వెతుకుతున్నాను.

మెట్రో వస్తోంది.
లెక్క ఆపాలి.