లెక్కలో లేని గోడ

అమీర్‌పేట హాస్టల్, మూడో అంతస్తు.
ప్లానులో ఒకటే హాలు.
ఎక్కి చూస్తే పదకొండు గదులు,
కిటికీని కూడా చీల్చిన ఇటుక.

"ఉత్త అడ్డం గోడలే గద సార్, అవేం మోస్తయి?"
అన్నాడు ఓనర్ నర్సింగరావు.
మొయ్యవు.
మోయిస్తాయి.
నేల ఊగిన రోజు
ప్లాను చూసి ఊగదు,
ఎంత బరువుంటే అంత దెబ్బ.

టేపు పట్టుకుని గది గదికీ తిరిగాను.
మీటరు గోడకి ఏడువందల కిలోలు.
ఎనిమిదో గదిలో మేకుకి తడి దుపట్టా,
సున్నంమీద పెన్సిల్‌తో ఫీజు కూడికలు.
"కూలగొడ్తరా? నేను దీనికి ఆనుకునే చదువుతా"
అంది జరీనా, వీపు తియ్యకుండానే.

గోడల్ని పూర్తిగా కలపాలి,
మనుషులు పావువంతు చాలు,
కోడ్ పుస్తకం అంతే అంటుంది.
కూడుతూ పోయాను.
ఎనిమిదో గది దగ్గర ఆగాను.
జరీనాలో పావంటే ఎంత?