నాలిక మీద చుక్క

మొదట తడిసింది ఉల్లిపాయల బస్తా.
రంభ సంతలో కొని వంటగది పలకల కింద పెట్టుకున్నాను.
పొద్దున్నే చెయ్యి పెడితే అడుగువన్నీ మెత్తగా,
ఒకటి అప్పుడే మొలకేసింది.

పుష్యమాసం. కాళిజాయి కొండ మంచులో లేదు.
చిలికా మీద మా పడవ, రెండు గదులు, నాలుగు మంచాలు.
స్నానానికి వేడినీళ్లు కలవని బోర్డు మీద రాసి ఉంది
ఒడియాలో, ఇంగ్లీషులో, తప్పుల బెంగాలీలో.
తెలుగులో రాయలేదు.
తెలుగువాళ్లం మేం లోపల ఉంటాం.

అడుగునీళ్లు తోడే పంపు
పావుగంటకోసారి గుర్రుమని లేచి, దగ్గి, పడుకుంటోంది.
ఫోనులో స్వైం బాబు:
ట్యాంకీ పోయింది, బరంపురం నుంచి కొత్తది తెప్పించాలి,
జీతాలకి ఈ నెల ఆగండి.

"పోనాదని ఎవుడు సూసినాడు?"
కొర్లయ్య మామ మంచం పరుపెత్తి, పలకలు విప్పి,
టార్చి పళ్ల మధ్య పెట్టుకుని
ఆ గుండ్రటి ఇనపకడుపు పక్కన ఒత్తిగిలి పడుకున్నాడు,
బాలింత పక్కన తల్లిలాగ.
వేలు తడిపి నాలిక మీద రాసుకున్నాడు.

పడవలో మూడు నీళ్లు.
కింద ఉన్నవి, ఇంజను వేడి మోసేవి, మనం వాడేవి.
"ఏ నీల్లో తెలిస్తే ఎక్కడో సగం తెలిసినట్టే.
ఇంజనువి పచ్చగుంటాయి. అవి మాత్రం నోట్లో ఎట్టకు,
తియ్యగుంటాయి, సంపేస్తాయి."

ఇవి పచ్చగా లేవు. కానీ ఈ నెలలో
చిలికా ఉప్పూ కాదు, చప్పనా కాదు.
వానలు తెచ్చిన ఏరు ఇంకా పూర్తిగా పోలేదు,
సముద్రం ఇంకా పూర్తిగా రాలేదు.
చప్పరించి చప్పరించి, "నువ్వు సూడు" అన్నాడు.
ఉప్పు సంగతి చెప్పడం నా పనే కదా.
చిటికెడు కూడా పడలేదు.
"మన నీళ్లే మామా."

బియ్యప్పిండి అడిగాడు.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి
గొట్టాల కీళ్ల మీద సన్నగా జార్చాను.
గుమ్మం ముందు వెయ్యాల్సింది
చీకట్లో, మోకాళ్ల మీద, డీజిలు వాసనలో.

బుల్లు ఇంజను తిప్పాడు.
పది నిమిషాలు. పిండి తెల్లగానే ఉంది.
పదిహేను. తెల్లగానే.
బాతులు లేచిపోయిన చప్పుడు.
ఇరవై రెండో నిమిషాన
పై పక్క ఇత్తడి వాల్వు మూతి కింద
పిండి ముద్దయింది.

వేడెక్కిన నీళ్లు ఉబ్బుతాయి.
ఇదివరకు వచ్చిన దారినే కాస్త వెనక్కి జరిగేవి.
పోయిన ఎండల్లో చల్లనీళ్ల గొట్టానికి ఎవరో
వెనక్కి తెరుచుకోని తలుపు బిగించారు.

"ఎవులో కాదు" అన్నాడు మామ,
పిండి అంటిన వేలు లుంగీకి తుడుచుకుంటూ.
"నానే."

తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు.
వాల్వు మూతికి ప్లాస్టిక్ గొట్టం తొడిగి
పాత నూనె డబ్బాలోకి వదిలాడు.
ఉబ్బిన నీళ్లు తలదాచుకోడానికి చిన్న సీసా ఒకటి కావాలట,
బరంపురంలో దొరుకుతుందట, ట్యాంకీ ధరలో పదో వంతు.
స్వైం బాబుకి వాల్వు అని చెప్పాం.
తలుపు సంగతి చెప్పలేదు.

రాత్రి పంపు లేవలేదు.
ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టక
మొలకేసిన ఉల్లిపాయను తరిగి పక్కన పెట్టాను.
రెండున్నరకి ఒక్కసారి దగ్గింది.
ఒక్కసారే.

పలక ఎత్తి, వేలు ముంచి, నాలిక మీద పెట్టుకున్నాను.

ఐదున్నరకి కలకత్తావాళ్లు తలుపు తీసి
వేడినీళ్లు ఉన్నాయా అని అడిగారు.
ఉన్నాయి అన్నాను.
నోట్లో ఇంకా ఆ కాస్త ఉప్పు.