చిటికి

గట్టుప్పల్‌లో, మగ్గాల షెడ్డు మీది గదిలో
మూడు నెలల కిరాయి ముందే కట్టి
నేనొక వాద్యం రాస్తున్నాను.
కర్ర లేదు, తోలు లేదు, తీగ లేదు.
సెకనుకు నలభై ఎనిమిది వేల చుక్కలు
ఆగకుండా పోతుండాలె, అంతే.

ఆ దారిలో ఎవ్వరూ తాళం వేయకూడదు.
ఎవ్వరి కోసమూ నిలబడి ఏందన్నా అని అడగకూడదు.
ఒక్క గింజంత ఆలస్యమైనా
స్పీకరు చిర్రుమంటుంది.

మీట నొక్కే వేలు అట్లా రాదు.
అది చుట్టం. చెప్పకుండా వస్తుంది,
ముద్ద నోట్లో ఉన్నప్పుడే వస్తుంది.
నాది పాత లాప్‌టాప్. వెయ్యి ఇరవై నాలుగు చుక్కల్ని
ఒక గంపకెత్తుకుని మోస్తుంది.
అందుకని, వచ్చిన వేలును గుమ్మంలో కూర్చోబెట్టి
తర్వాతి గంప దాకా ఉండమన్నాను.

మెట్ల కింది నుంచే అడిగింది అండాలమ్మ:
"నీ డబ్బ కుంటుతున్నదేంది సారూ?"
పన్నెండు మగ్గాల మోతలో
ఎవరి పోగు తెగిందో తలెత్తకుండా చెప్పే మనిషి.

దిగి వెళ్లాను.
సైకిల్ ట్యూబు సన్నగా కోసిన పీలికలతో
పోగుల మీద చిటికి కడుతోంది.
నేతకింకా పది రోజులుంది,
పువ్వెక్కడ పడాలో ఇప్పుడే కట్టేసింది.
"మగ్గమెక్కినంక సోంచాయిస్తే అయిపాయె.
నాడె ఎవరి కోసం ఆగుతది?"

ఆ రాత్రి ప్రతి వేలికీ ఒక ముడి వేశాను.
మూడు వందల పదిహేడో చుక్కన దరువంటే
మూడు వందల పదిహేడునే.
ముడులు వరసలో నిలబడతాయి.
ఒకరు పెట్టిపోతారు, ఒకరు తీసుకుపోతారు.
ఇద్దరూ మొహాలు చూసుకోరు.

నడక కుదిరింది. కానీ ప్రతి స్వరం నెత్తిన
టప్‌మని ఒక దెబ్బ.
సున్నా నుంచి ఒకటికి ఒక్కటే గెంతు మరి.
దండెం మీది చీర కొంగు పట్టి చూపించింది.
ఎరుపు తెలుపులోకి కత్తి కోసినట్టు పోలేదు,
ముడి కిందికి కొంచెం పాకింది.
"గట్ల పాకకుంటే మిషినుది అంటరు."
రెండు వందల చుక్కల పాకుడు పెట్టాను.
టప్ పోయింది.

ఇంకొకటి పోలేదు.
వేలు లేచిందన్న కబురు
అప్పుడప్పుడూ దారిలోనే తప్పిపోతుంది.
ఎక్కడో నాకింకా తెలీదు.
స్వరం అట్లనే వేలాడుతుంది.

నిన్న ఏడింటికి కరెంటు పోయింది.
గదిలో బ్యాటరీ మీద ఒక్క స్వరం, ఆగకుండా.
కింద చీకట్లో నాడె, అదీ ఆగలేదు.
ఎక్కడ ఆపాలో వెతుకుతుంటే
మెట్ల కింది నుంచి:
"ఉండనీ సారూ. పలకకు మంచిగ పడుతున్నది."

రేపు సరిచేయాలె.
బ్యాటరీ పద్నాలుగు శాతం ఉంది.