ఎనిమిది పౌన్ల మౌనం

రాసేటప్పుడు అల్న్‌విక్,
పిలిచేటప్పుడు అన్నిక్.
అక్షరాలు మింగడం ఆ ఊళ్ళో
పేరు దగ్గరే మొదలవుతుంది.

అక్కడ ఓస్విన్ టెల్ఫర్ రాతికొట్లో
ఒక చలికాలమంతా నేను రాతిపొట్టు ఊడ్చాను.
సమాధిరాళ్ళ మీద పేర్లు చెక్కుతాడాయన.
అక్షరానికి నాలుగు పౌన్లు.
చుక్కలకి తీసుకోడు.

మార్జొరీ లామ్ వచ్చింది తడి గొడుగుతో,
మొగుడి పేరు కాగితమ్ముక్క మీద రాసుకుని.
కత్బర్ట్ లామ్. వృత్తి, ప్లమర్.
ధర అడిగి, వేలు పెట్టి లెక్కపెట్టుకుంది.
"కత్బర్ట్‌లో బి సరే, పలుకుతుంది.
ఈ చివరి బి ఎవరు పలుకుతారు?
ఇదిగో, వృత్తిలో ఇంకోటి.
నలభై ఏళ్ళు కాపురం చేశాను, ఒక్కనాడు నోరెత్తలేదు.
మాట్లాడనివాటికి నేనెందుకివ్వాలి ఎనిమిది పౌన్లు?"

ఓస్విన్ నవ్వలేదు.
విరిగిన పలకముక్క ఒళ్ళో పెట్టుకుని
సుద్దతో రాసుకుంటూ పోయాడు,
అన్నిటికీ ఎమ్, బి తోకే.
థమ్, బొటనవేలు. తనది చూపించాడు,
సుత్తి అదురుకి తెల్లబడిపోయింది.
నమ్, తిమ్మిరి. అదీ ఆ వేలే.
క్రమ్, బల్ల మీద పొద్దుటి రొట్టె నలుసు.
కోమ్, దువ్వెన. ఆయన నున్నటి తలవైపు
మేమిద్దరం చూడలేదు.
క్లైమ్, ఎక్కడం. డమ్, మూగ.
టూమ్, సమాధి, ఆయనకి కూడు పెట్టే మాట.
మొదటి అక్షరం మారిస్తే ఊమ్.
గర్భం.
అక్కడ ఆమె చూపు కాస్త ఎక్కువసేపు ఆగింది.
మేం అడగలేదు. సుద్ద కూడా కదల్లేదు.

"మీ ఇంటిపేరు గొర్రెపిల్ల కదా," అన్నాడు కాసేపటికి,
"అందులో బి వెయ్యేళ్ళ కిందట గొంతున్నదే.
తర్వాత గొంతు పోయింది, కుర్చీ మిగిలింది.
బొటనవేల్లోది మాత్రం దొంగ.
పక్కవాళ్ళని చూసి ఎప్పుడో వచ్చి కూర్చుంది."

నాకు పాత పుస్తకాల అరసున్న గుర్తొచ్చింది.
మూఁడులో, వేఁడిలో
ఎవరూ పలకని ఆ నెలవంక,
ఒకప్పటి ముక్కుపలుకు
వెళ్తూ వెళ్తూ వదిలిన చెప్పు.

"మరి ఇంకెప్పుడూ మాట్లాడదా?"

థమ్ పక్కన థింబుల్ రాశాడు,
సూది గుచ్చకుండా వేలికి పెట్టే టోపీ.
క్రమ్ పక్కన క్రంబుల్, పొడిపొడి కావడం.
"వెనక ఎవరైనా ఉంటే మాట్లాడుతుంది.
చివర ఒంటరిగా నిలబెడితేనే ఇలా."

"ప్లమర్‌లో వెనక ఇద్దరున్నారుగా?"

"అది మీ ఆయన మొండితనం."

ఆమె గొడుగు కొట్లోనే దులిపింది,
నేను ఊడ్చిన చోటే.
"చెక్కండి," అంది. "రెండూ."

మార్చిలో రాయి నిలబెట్టాం.
గడ్డి ఇంకా మంచుకి గట్టిగా ఉంది.
ఆమె కళ్ళద్దాలు మర్చిపోయి వచ్చింది.
"తప్పుల్లేకుండా ఉందా? చదువు," అంది నాతో.

నాది అచ్చుతో ముగిసే భాష.
ఏ హల్లునీ వీధిలో ఒంటరిగా వదలదు,
చేతికో ఉకారమిచ్చి ఇంటిదాకా పంపుతుంది.
బస్సు, కప్పు, బాంబు.
పైపు పగిలితే మేం పిలిచేది ప్లంబరునే.
ఎంత జాగ్రత్తపడ్డా
నోరు దాని దారిన అది పోయింది.

"కత్బర్టు లాంబు. ప్లంబరు."

ఓస్విన్ దగ్గి, పనిముట్ల సంచీ సర్దుకున్నాడు.
నా చెవులు వేడెక్కాయి.
మార్జొరీ రాతివైపు తిరిగే ఉంది.

"ఇంకోసారి," అంది.

చదివాను, ఈసారి బి మీద నిలబడి.

ఆమె చేతితొడుగు తీసి
చివరి అక్షరం పొట్టలో వేలు పెట్టి చూసింది,
లోతు సరిపోయిందో లేదో.
"ఎనిమిదీ గిట్టాయి," అంది
రాతితో.